చిల్లు 'న': ఒక అక్షరానికి నంబరు రావడానికి జరిగిన వాదన

మన పండుగల మీద, పోరాటాల మీద, పెద్దల మీద వ్యాసాలు వస్తున్న ఈ ప్రత్యేక సంచికలో కేరళకు చెందిన ఒక్క అక్షరం గురించి ఇంత పొడుగు వ్యాసం ఎందుకని యువతీ యువకులు అడగవచ్చు. అడగాలి కూడా. 2018లో మన గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. చోటు దొరికింది కాబట్టి ఇక పని అయిపోయిందని మనలో చాలామంది అనుకుంటున్నారు. కంప్యూటర్లో చోటు దొరికాక కూడా ఒక అక్షరం ఎన్ని తిప్పలు పడుతుందో మలయాళం వాళ్లు మనకంటే ముందే చూశారు. వాళ్ల కథ తెలిస్తే మన లిపి విషయంలో ఏమి అడగాలో మనకు తెలుస్తుంది.

ముందుగా ఒక రచయిత పేరు చెప్పుకుందాం. నారాయన్. ఇడుక్కి జిల్లాకు చెందిన మల అరయ ఆదివాసీ. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ రాసిన 'కొచ్చరేత్తి' నవల 1998లో అచ్చయింది. కేరళలో ఒక ఆదివాసీ తన సమాజం గురించి తానే రాసిన తొలి నవలగా దానికి పేరు. కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. 2022లో ఆయన మరణించారు. ఆయన పేరులో చివర ఉన్న 'న్' చూడండి. తెలుగులో మనం 'న' రాసి మీద పొల్లు గుర్తు పెడతాం. మలయాళంలో అలా కాదు. ఆ 'న్'కు విడిగా ఒక రూపం ఉంది. 'న' అక్షరం చివరి గీతను పైకి తిప్పి, తోకలా వదిలేసినట్టు ఉంటుంది. దాన్నే చిల్లు అంటారు. తెలుగులో చిల్లు అంటే రంధ్రం, మలయాళంలో అదే మాటకు గాజు అనే అర్థం ఉంది. ఈ కథలో ఆ రెండు అర్థాలూ ఒక్కోసారి సరిపోతాయనిపిస్తుంది.

మలయాళంలో రోజూ వాడే చిల్లులు ఐదు: ణ్, న్, ర్, ల్, ళ్. క్ కు కూడా ఒకటి ఉంది గానీ అరుదు. అచ్చు కలవని హల్లుకు పెట్టిన రూపాలు ఇవి. తాళపత్రాల కాలం నుంచీ ఉన్నాయి. పొల్లు చూపించడానికి మలయాళంలో వాడే నెలవంక లాంటి గుర్తు ఉంది కదా, చంద్రక్కల, అది 19వ శతాబ్దపు అచ్చు పుస్తకాల్లో స్థిరపడిన గుర్తు. అంటే చిల్లులు పెద్దవి, చంద్రక్కల చిన్నది. ఈ వరుస గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే కంప్యూటర్లో ఇది తలకిందులైంది.

చంద్రక్కలకు మలయాళంలో ఇంకో పని కూడా ఉంది. మాట చివర వచ్చే సగం 'ఉ' శబ్దాన్ని చూపడం. 'అవన్' అంటే అతను. 'అవను' అంటే అతనికి, ఆ చివరి 'ఉ' పూర్తిగా పలకదు. మొదటిదాన్ని చిల్లు 'న'తో రాస్తారు, రెండోదాన్ని మామూలు 'న' మీద చంద్రక్కలతో రాస్తారు. రాతలో రెండింటికీ ఉన్న తేడా అంతే. నారాయన్ పేరుకూ అంతే. చిల్లు తీసేసి చంద్రక్కల పెడితే అది 'నారాయన్‌కు' అయిపోతుంది.

ఇక కంప్యూటర్ దగ్గరకు వద్దాం. 1980లలో భారతీయ లిపులన్నిటికీ కలిపి 'ఇస్కీ' అనే ఒక ప్రమాణం తయారైంది. అన్నీ బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులే కాబట్టి అన్నిటికీ ఒకే పట్టిక సరిపోతుందన్నది దాని ఆలోచన. 1991లో యూనికోడ్ మొదటి కూర్పు వచ్చినప్పుడు ఆ 1988 నాటి పట్టికనే ఆధారంగా తీసుకుని ఒక్కో లిపికి 128 గదులు కేటాయించారు. తెలుగు 'క' తన వరుసలో ఎన్నో గదిలో ఉందో మలయాళం 'క' కూడా తన వరుసలో అదే గదిలో ఉంది. లెక్కకు బాగానే ఉంది. కానీ దేవనాగరిలో లేనిది పట్టికలో లేదు. చిల్లు దేవనాగరిలో లేదు. కాబట్టి చిల్లుకు గది రాలేదు.

గది లేకపోతే మరి ఎలా టైపు చేశారు? ఇక్కడ కనిపించని గుర్తుల గురించి చెప్పాలి. మీలో తెలుగులో టైపు చేసేవారికి ఇది తెలిసినదే. 'భీమ్‌రావు' అని రాయాలంటే మధ్యలో ఒక కనిపించని గుర్తు వేయాలి. వేయకపోతే 'మ' కింద 'ర' వత్తు చేరి 'భీమ్రావు' అవుతుంది. పక్క అక్షరంతో కలవకుండా ఆపే ఆ గుర్తును జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. దానికి ఒక జంట ఉంది, జీరో విడ్త్ జాయినర్. మలయాళం చిల్లును దీంతో తయారు చేయమన్నారు: మామూలు 'న', తర్వాత చంద్రక్కల, తర్వాత కనిపించని జాయినర్. యూనికోడ్ పట్టికల్లో నంబర్లను వేరే లెక్కలో రాస్తారు గానీ మనకు అలవాటైన లెక్కలో చెబితే 3368, 3405, 8205. ఈ మూడు నంబర్లు వరుసగా వస్తే తెర మీద చిల్లు 'న' కనిపిస్తుంది. పాత అక్షరమైన చిల్లు, దానికంటే కొత్తదైన చంద్రక్కల మీద ఆధారపడి బతకాల్సి వచ్చింది.

కనిపించినంత కాలం ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ కనిపించని గుర్తు అర్థాన్ని మోయడానికి పుట్టింది కాదు. అది రూపాన్ని సర్దడానికి పుట్టింది. అందుకే మాటలు వెతికేటప్పుడు, అక్షర క్రమంలో పేర్చేటప్పుడు దాన్ని వదిలేయవచ్చని యూనికోడ్ నియమాలే చెబుతాయి. చాలా సాఫ్ట్‌వేర్లు అలాగే వదిలేశాయి. భారతీయ భాషల్లో వెబ్ చిరునామాలు పెట్టడానికి 2003లో వచ్చిన నియమాలు కూడా ఆ గుర్తును తీసేసేవి. తెలుగుకు, హిందీకి దానివల్ల అర్థం పెద్దగా మారదు. మలయాళంలో మాత్రం 8205 పోతే 'అతను' కాస్తా 'అతనికి' అవుతుంది. ఒక ఆదివాసీ రచయిత పేరు విభక్తి చేరిన మాటగా మారిపోతుంది. వయనాడ్‌లోనో అట్టప్పాడిలోనో మలయాళ లిపిలో రాసే మగవారి పేర్లలో చాలా వాటికి చివర ఈ 'న్' ఉంటుంది. రేషన్ జాబితా, ఓటరు జాబితా, బడి రిజిస్టరు, భూమి పట్టా, అన్నిటిలోనూ పేరే కదా మనిషికి సాక్ష్యం. ఒక కనిపించని గుర్తు మీద పేరు నిలబడటం ఎంత బలహీనమైన ఏర్పాటో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

వాదనల్లో తరచుగా వచ్చిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. 'వన్యవనిక' అంటే అడవిలోని చిన్న తోట. 'వన్ యవనిక' అంటే పెద్ద తెర. వీటిలో మొదటిది మామూలు సంయుక్తాక్షరంతో, రెండోది చిల్లుతో. కనిపించని గుర్తు తీసేస్తే రెండూ ఒకటే మాట. ఇలాంటి జంటలు మలయాళంలో ఎన్ని ఉన్నాయన్నది కాదు ప్రశ్న. అర్థం మార్చగల తేడా కనిపించే అక్షరంలో ఉండాలా, కనిపించని గుర్తులో ఉంటే చాలునా అన్నదే ప్రశ్న.

చిల్లుకు సొంత నంబరు కావాలన్న వాళ్లు మరో మాట కూడా చెప్పారు. ఇది మాకు చాలా నచ్చిన వాదన. చిల్లు 'ల్' దేని రూపం? 'ల' రూపం అనుకుంటాం. కానీ దాని ఆకారం 'త' నుంచి వచ్చింది. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో పొల్లు 'త్'ను మలయాళీలు 'ల్'గా పలుకుతారు. 'ఉత్సవం' అని రాసి 'ఉల్సవం' అంటారు. అలా 'త్' కోసం పుట్టిన చిల్లు 'ల్'కు స్థిరపడింది. చిల్లు 'ర్' సంగతీ అంతే. అది 'ర'దా, బండి 'ఱ'దా? రెండిటికీ వాడతారు. మరి 'మూల అక్షరం, చంద్రక్కల, జాయినర్' అని సూత్రం చెప్పినప్పుడు ఏ మూల అక్షరం తీసుకోవాలి? చిల్లు ఎప్పుడో తల్లి అక్షరాన్ని విడిచి తన బతుకు తాను బతుకుతోందని వాళ్ల వాదన.

ఎదుటి పక్షం తక్కువదేమీ కాదు. 1971లో కేరళ ప్రభుత్వం టైపురైటరుకు, అచ్చుకు వీలుగా లిపిని సంస్కరించింది. దాదాపు 900 అచ్చు రూపాలు 90 దాకా తగ్గాయని అక్కడ చెబుతారు. ఆ సంస్కరణలో పోయిన పాత రూపాలన్నిటినీ కంప్యూటర్లో తిరిగి నిలబెట్టాలని 1999లో 'రచన అక్షరవేది' అనే బృందం మొదలైంది. ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే 'స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్' మరో బృందం. తమ లిపి కోసం సొంత సమయం పెట్టి పనిచేసినవాళ్లు వీళ్లు. చిల్లుకు విడి నంబరు వద్దన్నది వీళ్లే. వాళ్ల దృష్టిలో చిల్లు 'న్' అంటే 'న'కు ఉన్న ఒక రూపమే. రూపానికి నంబరు ఇస్తూ పోతే ఎక్కడ ఆగుతాం అన్నారు. పైగా సగం 'ఉ'ను పాత పద్ధతిలో రాసేటప్పుడు కొమ్ము పెట్టి దాని మీద చంద్రక్కల పెడతారు. అలా రాస్తే 'అతను', 'అతనికి' ఎప్పటికీ కలవవు. అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఏమిటంటే, అప్పటికే మూడు నంబర్ల పద్ధతిలో ఎంతో రాత జరిగిపోయింది. ఇప్పుడు ఒక్క నంబరు పద్ధతి తెస్తే, కంటికి ఒకేలా కనిపించే మాటకు లోపల రెండు రాతలు ఉంటాయి. వెతికితే ఒకటి దొరికి మరొకటి దొరకదు. ఒకేలా కనిపించే రెండు వెబ్ చిరునామాలు పెట్టి జనాన్ని మోసం చేయవచ్చు.

ఈ వాదన ఏళ్ల తరబడి నడిచింది. 2005లో యూనికోడ్ సంస్థ చిల్లుల ప్రశ్నను బహిరంగ సమీక్షకు పెట్టింది. అదే ఏడాది బెంగాలీలోని 'ఖండ త' అనే అక్షరానికి విడి నంబరు వచ్చింది. అది కూడా అంతకుముందు చిల్లులాగే కనిపించని గుర్తుతో తయారవుతూ ఉన్నదే. ఆ ఉదాహరణ చిల్లు పక్షానికి బలమైంది. రెండు పక్షాలూ పత్రాలు రాశాయి. వ్యాకరణం, పాత అచ్చు పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ పనితీరు, అన్నీ సాక్ష్యానికి వచ్చాయి. ఎవరి గొంతు పెద్దది అన్నదానికి అక్కడ విలువ లేదు, ఎవరు ఏ పుటను చూపించారన్నదే లెక్క.

2008 ఏప్రిల్‌లో వచ్చిన యూనికోడ్ 5.1 కూర్పులో ఆరు చిల్లులకు విడి నంబర్లు వచ్చాయి, 3450 నుంచి 3455 దాకా. చిల్లు 'న' నంబరు 3451. మూడు నంబర్ల చోట ఒక్కటి.

అదే కూర్పులో మనవాళ్ల మరో పండుగ కూడా ఉంది. సంతాలీల ఓల్ చికి లిపి యూనికోడ్‌లోకి వచ్చింది ఆ 5.1లోనే. పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో రూపొందించిన లిపి అది. తెలుగుకు కూడా దాంతోపాటు కొన్ని వచ్చాయి. 'చ' మీద, 'జ' మీద గుర్తు పెట్టి రాసే దంత్యాలు ౘ, ౙ ఆ ఏడాదివే. ఒక భాషకు ఆరు అక్షరాలు చేర్చడానికీ ఇంకో భాషకు లిపి మొత్తం చేర్చడానికీ తలుపు ఒకటే అన్నమాట.

నంబరు వచ్చాక గొడవ తీరిందా? అభ్యంతరం చెప్పినవాళ్లు హెచ్చరించినవి కొన్ని నిజంగానే జరిగాయి. పాత కంప్యూటర్లలో కొత్త చిల్లు చోట ఖాళీ పెట్టె కనిపించింది. పాత రాత, కొత్త రాత పక్కపక్కనే ఉండిపోయాయి. రెండూ ఒకటే అని యూనికోడ్ ప్రమాణం ఎక్కడా చెప్పలేదు కాబట్టి, ఆ పని సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ల మీద పడింది. వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్‌లో పాత చిల్లులను కొత్తవాటిగా మార్చే ఏర్పాటు విడిగా చేయాల్సి వచ్చింది. ఆ ఏర్పాటు లేనిచోట ఇప్పటికీ నారాయన్ ఇద్దరు.

ఇంకో తమాషా ఉంది. మలయాళంలో 'నా' అనే మాట 'ఎన్టె'. చిన్నపిల్లలు కూడా రోజుకు ఎన్నోసార్లు పలికే మాట. అందులో 'న' కింద బండి 'ఱ' పేర్చినట్టుండే ఒక సంయుక్తాక్షరం ఉంది. దాన్ని చిల్లు 'న', చంద్రక్కల, బండి 'ఱ' అని నిల్వ చేయాలని 5.1 చెప్పింది. జనం అప్పటికే మామూలు 'న'తో రాస్తున్నారు, రాస్తూనే ఉన్నారు. కొందరు చంద్రక్కల లేకుండా చిల్లు పక్కన 'ఱ' పెట్టేస్తారు. 'నా' అని చెప్పుకోవడానికి ఒక భాషకు కంప్యూటర్లో మూడు రాతలు!

ఒకసారి ఇచ్చిన నంబరును యూనికోడ్ వెనక్కి తీసుకోదు, మార్చదు, పెట్టిన పేరు కూడా మార్చదు. అలా మారిస్తే పాత రాతలన్నీ పాడవుతాయి కాబట్టి అది మంచి నియమమే. కానీ దానివల్ల వాదించాల్సింది నంబరు రాకముందే. 2016లో మలయాళానికే మరో మూడు పాత చిల్లులు చేరాయి: మ్, య్, ఴ్. ఈ చివరిది నాలుక మడిచి పలికే 'ఴ', పాత తెలుగు శాసనాల్లో కూడా కనిపించే అక్షరం. అంటే కొత్తగా చేర్చడానికి తలుపు తెరిచే ఉంటుంది. తీసేయడానికే తలుపు లేదు.

తెలుగుకు కూడా ఒక చిల్లు ఉందని మీలో ఎంతమందికి తెలుసు? పాత రాతల్లో, 19వ శతాబ్దపు అచ్చులో మాట చివరి 'న్'కు ఒక ప్రత్యేక రూపం ఉండేది. నకారపొల్లు అంటారు. ఇదిగో: ౝ. మీ ఫోన్లో ఇక్కడ ఖాళీ పెట్టె కనిపిస్తే ఆశ్చర్యపోకండి. దానికి నంబరు వచ్చింది 2021లోనే, ఇంకా అన్ని ఫాంట్లలోకీ రాలేదు. కోట్ల మంది మాట్లాడే భాష అక్షరానికే ఇలా ఉంది.

ఇప్పుడు గోండి. మనకు యూనికోడ్‌లో రెండు లిపులున్నాయి. బాలాఘాట్ జిల్లాకు చెందిన మంగళ్ సింగ్ మసరాం 1918లో రూపొందించిన మసరాం గోండి 2017లో చేరింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన చేతిరాత ప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో చేరింది. ఆ ప్రతులను వెలుగులోకి తెచ్చింది ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం. రెండు లిపులకూ యూనికోడ్ ప్రతిపాదనలు రాసింది అన్షుమన్ పాండే.

మలయాళం కథ తెలిశాక ఈ రెండు పట్టికలను చూస్తే కొన్ని సంగతులు కంటికి ఆనతాయి. మలయాళంలో చంద్రక్కల ఒక్కటే రెండు పనులు చేస్తుంది కదా, అచ్చును తీసేయడం, పక్క హల్లుతో కలపడం. అదే చిల్లు గొడవకు మూలం. మసరాం గోండిలో ఆ రెండు పనులకు రెండు వేర్వేరు నంబర్లున్నాయి. పొల్లు చూపించే గుర్తు ఒకటి, సంయుక్తాక్షరం చేసే గుర్తు ఇంకొకటి. కనిపించని జాయినర్ మీద ఏ మాటా ఆధారపడనక్కర్లేదు.

గుంజాల గోండి పట్టికలో ఇంకా మంచి విషయం ఉంది. అక్కడ హల్లులు క, ఖ, గ, ఘ వరుసలో లేవు. య, వ, బ, భ, మ అని మొదలవుతాయి. ఇస్కీ కాలంలో అయితే ఈ లిపిని కూడా అందరికీ పెట్టిన పట్టికలో కూర్చోబెట్టేవారు. ఈసారి మన వరుస మనకే ఉంది. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. మన పిల్లలకు అక్షరమాల నేర్పేటప్పుడు ఏ వరుసలో నేర్పుతారో చూడండి. గోడమీద బొమ్మల పట్టికలో 'క'తో మొదలుపెడితే, పాత ప్రతుల్లో మిగిలిన వరుసను బడి చెరిపేసినట్టే.

ఇబ్బందులు మనకూ ఉన్నాయి. మన లిపి నంబర్లు చాలా దూరంలో ఉన్నాయి, గుంజాల గోండి మొదలయ్యేదే 73056 దగ్గర. 65,535 దాటిన నంబర్లను పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని సరిగా చదవలేవు. అందుకే ఎక్కడైనా మన లిపిలో పేరు నింపినప్పుడు, దాచి మళ్లీ తెరిచి చూడాలి. చిల్లులాగే, కనిపించిందంటే నిలిచిందని కాదు. ఇక గోండిని తెలుగు లిపిలో, దేవనాగరిలో, మసరాం లిపిలో, గుంజాల లిపిలో రాసేవాళ్లు ఉన్నారు. ఒక పాటను ఒకరు ఒక లిపిలో, మరొకరు మరో లిపిలో టైపు చేసి పెడితే, వెతికేవాడికి అవి రెండు వేర్వేరు పాటలు. 'ఎన్టె'కు మూడు రాతలే, మన మాటకు నాలుగు. ఏ ఊరి మాటను ఏ లిపిలో ఎలా రాస్తున్నామో పక్కనే ఒక జాబితా పెట్టుకోవడం మొదలుపెట్టాలని మా ఆలోచన. ఫోన్లో ఒక పట్టిక చాలు.

గుంజాల గోండికి యూనికోడ్ ఇచ్చిన గదులు 80. వాటిలో నిండినవి 63. మిగతా 17 ఖాళీగానే ఉన్నాయి. మీ ఇంట్లో, మీ పటేల్ ఇంట్లో, పర్ధాన్ల దగ్గర పాత చేతిరాత పుస్తకం ఉంటే, అందులో ఈ 63లో లేని గుర్తు ఏదైనా కనిపిస్తే, ఆ పుట మొత్తాన్ని వెలుతురులో ఫోటో తీయండి. అక్షరం ఒక్కటే కత్తిరించవద్దు, దాని చుట్టూ ఉన్న మాటలు కావాలి. ఎవరు రాశారు, ఏ ఊరు, దాన్ని ఇప్పుడు ఎవరు చదవగలరు, ఎలా పలుకుతారు అన్నది కూడా రాసి పెట్టండి. చిల్లుకు నంబరు తెచ్చింది ఇలాంటి పుటలే.